నల్లనేలపై పూలు: చేతికాగితపు కార్డులు, గృహాలంకారము



గృహాలంకారమును గూర్చి వ్రాయువారు సాధారణముగా సొంత యిల్లు గలవారినే మనస్సున నుంచుకొని వ్రాయుదురు. గోడకు నచ్చిన రంగు వేయింపుమందురు. కిటికీ పెద్దది చేయింపుమందురు. మేకు కొట్టి పటము తగిలింపుమందురు. ఇల్లు తమది కానివారేమి చేయవలయునో చెప్పువారరుదు.

ఇటీవల మేము గోదావరిఖనిలో మాకు చెల్లెలి వరుసయైన బంధువు నింట నొక వారముంటిమి. అది బొగ్గుగనుల కంపెనీవారి క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, ముందొక చిన్న వరండా. ఇల్లు శుభ్రముగా నున్నది, పాత్రలు తళతళలాడుచున్నవి, కాని గోడలు మాత్రము బోసిగా నున్నవి. "ఇరువది యేండ్లనుండి కాపురమున్నావు. ఒక్క పటమైన తగిలింపలేదేమమ్మా?" యని యడిగితిమి. ఆమె నవ్వి, "ఈ ఇల్లు మనది కాదక్కా, కంపెనీది. మీ మరిది రిటైరైననాడు తాళంచెవులిచ్చి పోవుడే గదా! పోయే ఇంటికి సింగారమెందుకు?" అనినది.

ఆ మాటకు మాకప్పుడుత్తరము తోచలేదు. ఆమె చెప్పినది నిజమే. క్వార్టరు గోడకు మేకు కొట్టినచో పెచ్చులూడును. రంగు మార్చినచో ఖర్చు మనది, అనుభవము తరువాత వచ్చువారిది. అయినను ఇరువది యేండ్లను తాత్కాలికమనుకొనుట యెట్లు? బిడ్డలు పుట్టినది, పెరిగినది, చదువులకు బయలుదేరినది ఆ యింటినుండియే. తన వయస్సులో మేలిభాగమంతయు గడచిన యింటిని పరాయిదని బోసిగా నుంచుకొనుట స్త్రీ తనకు తాను చేసికొను నన్యాయము కాదా?

గోడకు హాని చేయనిదియు, ధూళి పట్టినచో సులభముగా మార్చుకొనదగినదియు, ఇల్లు విడుచునాడు పెట్టెలో పెట్టుకొని వెంట గొనిపోదగినదియు నగు నలంకారమేదైన గలదా యని యాలోచింపగా మాకు కాగితము తోచినది. అందును బజారు కాగితము గాదు. చేతితో చేసిన కాగితమును, దానితో మనము చేసికొను కార్డులును. ఆ వారమంతయు చెల్లెలును మేమును, ఆమె పిల్లలును గలిసి చేసిన పనిని, దాని వెనుక గల కథను నేడు మీకు చెప్పదలచితిమి.

బొగ్గు సీమలోని యిండ్లు

1871వ సంవత్సరమున డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ యేర్పడి యచ్చటి గనుల పని చేపట్టినది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడినది. నేటికిని ఆ తేదీననే సింగరేణి దినోత్సవము జరుపుకొనుచున్నారు. ఇప్పుడీ కంపెనీలో తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులును, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులును వాటా గలదు. గోదావరికి దక్షిణపుటొడ్డున రామగుండము ప్రక్కన వెలసిన గోదావరిఖని పట్టణమునకు నదియు, గనియు రెండును గలిసియే పేరైనవి.

ఈ పట్టణములోని కుటుంబములలో ననేకము లొకచోటివి గావు. కొన్ని కొత్తగూడెమునుండి వచ్చినవి. కొన్ని బెల్లంపల్లినుండి వచ్చినవి. కొన్ని చుట్టుపట్ల పల్లెలనుండి పొలము వదలి వచ్చినవి. కాలనీలకు సయితము గనుల పేర్లే: ఎనిమిదవ ఇంక్లైను కాలనీ యనిన నక్కడివారికి ఊరి పేరువలెనే వినబడును. పనికి వచ్చినవారికి ఇల్లు కూడ పనితో వచ్చినదే. పని ముగిసిననా డిల్లును ముగియును. చెల్లెలి మాటలో నున్న దిగులునకు మూలమిదియే.

ఇక నచ్చటి గాలి, ఎండ. బొగ్గు లారీలు తిరుగు త్రోవల ప్రక్కనున్న యిండ్లలో ఉదయము తుడిచిన బల్లమీద సాయంకాలమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. వేసవిలో 45 డిగ్రీలు దాటిన యెండ యచ్చట వింత గాదు. నేటి గృహాలంకార పత్రికలను తిరుగవేసినచో నన్నియు తెల్లని గోడలు, తెల్లని పరదాలు, తెల్లని మెత్తలు. ఆ బొమ్మలను చూచి తెల్ల పరదాలు కొన్న యొక గృహిణిని మేమెరుగుదుము. సోమవారము ఉతికి కట్టిన పరదా గురువారమునకు బూడిదరంగు తిరిగెను. మరల నుతుకుట, మరల కట్టుట. ఆమెకు పరదాయే పనియైనది. ఇల్లు మనకొరకు గాని మన మింటికొరకు గాము. ఏ నేలకు తగిన యలంకార మా నేలకు గావలయును.

అయితే నేటి పద్ధతిలో మంచి లేకపోలేదు. వస్తువులు తక్కువగా నుండవలయును. ఉన్న ప్రతి వస్తువునకును ఒక కారణముండవలయును. కొయ్య కొయ్యవలె, నూలు నూలువలె, కాగితము కాగితమువలె కనబడవలయును. రెండు గదుల క్వార్టరునకు ఈ మూడు సూత్రములును చక్కగా నొప్పును. జపానువారి యిండ్లలో కొయ్యచట్రములకు పలుచని కాగితమంటించి తలుపులుగా వాడుదురు; వెలుతురు దానిగుండ మెత్తబడి లోనికి వచ్చును. చేతికాగితము చేయు వారి విద్యను 2014లో యునెస్కోవారు మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చిరి. చేతికాగితము పేదవాని వస్తువను తలంపు సరికాదని చెప్పుట కిదియొకటి చాలును.

మన ప్రాంతపు కాగితము

జపానువరకు పోనక్కరలేదు. గోదావరిఖనికి పడమట, చాల దూరము గాని చోట కోరుట్ల యున్నది. రామగుండమును కోరుట్లయు 2016వ సంవత్సరమువరకు నొక్క కరీంనగరు జిల్లాలోనివే. ఇప్పుడు మొదటిది పెద్దపల్లి జిల్లాలోను, రెండవది జగిత్యాల జిల్లాలోను చేరినవి. నిజాము పరిపాలనలో కోరుట్ల చేతికాగితమునకు పేరుబడిన యూరు. గ్రామముల లెక్క పుస్తకములకా మోటుకాగితమే వాడుకలో నుండెను. అనగా మన తాతముత్తాతల భూముల లెక్కలు మన పొరుగువారు చేసిన కాగితముపైననే నిలిచినవి.

మన దేశమున పూర్వపు కాగితగాండ్రు పనిచేసిన విధము తెలిసికొనదగినది. పాత జనుపగోనెలు, త్రాళ్లు, చింకిపాతలు తెచ్చి ముక్కలుగా నరికి సున్నపునీటిలో నానబెట్టెడివారు. పిదప కాలితో త్రొక్కు పెద్ద రోకలిక్రింద దంచి, పారునీట కడిగి, మరల దంచి మెత్తని గుజ్జు చేసెడివారు. ఆ గుజ్జును నీటితొట్టిలో కలిపి సన్నని పుల్లల తెరతో పైకెత్తినచో తెరపై పలుచని పొర నిలుచును. ఆ తడిపొరను నున్నని సున్నపు గోడకంటించి యారబెట్టెడివారు. ఆరిన పిదప గంజి పూసి, నున్నని రాతితో రుద్ది మెరుగుపెట్టెడివారు. చూడుడు, కాగితమునకు గోడతో చుట్టరికము నేటిది గాదు. అది పుట్టినదే గోడమీద.

మిల్లు కాగితము చవుకయైన పిదప చేతిపని క్షీణించెను. 1934లో గాంధీమహాత్ముడు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించినప్పుడు చేతికాగితమును కూడ నుద్ధరింపదగిన పరిశ్రమలలో చేర్చెను. ఆ సంఘపు భారమును వహించిన జె. సి. కుమారప్పగారి పేరనే నేడు రాజస్థానములోని సాంగనేరున జాతీయ చేతికాగిత సంస్థ యున్నది. మహాత్ముడు తనకు వచ్చిన యుత్తరముల వెనుక ప్రక్కను, విప్పిన కవర్ల లోపలి ప్రక్కను వ్రాతకుపయోగించెడివాడన్న మాట మీరెరుగనిది గాదు. ఏ గృహిణి యింటనైనను వాడని కాగితపు ప్రక్క యెంతయో యుండును. మన పనికి పెట్టుబడి యదియే.

ఇంట చేయు విధము

పిల్లల పాత నోటుపుస్తకముల కాగితములు శ్రేష్ఠము. వార్తాపత్రికలు నలుపు తిరుగును. త్వరగా పసుపు బారును. నిగనిగలాడు రంగుల కాగితము పనికిరాదు. అట్టలు, పిన్నులు తీసివైచి కాగితమును రూపాయిబిళ్ళంత ముక్కలుగా చింపి ఒక రాత్రి నీట నానవేయవలయును. మరునాడు గుప్పెడు ముక్కలకు నిండుగా నీరు పోసి మిక్సీలో తిప్పవలయును. వంటకు వాడు గిన్నెను దీనికి వాడరాదు. పాతది వేరుగా నుంచుకొనుడు. మిక్సీ లేనివారు రోట దంచుకొనవచ్చును. ఆలస్యమగును గాని కాగితము మరింత గట్టిగా వచ్చును.

మా చెల్లెలు దీనికొక చేర్పు చేసినది. ఆమె భర్త గనిలోనికి వేసికొని పోయి చిరిగిన నూలు చొక్కా యొకటి మూలనున్నది. "ఇది మసిగుడ్డకైనా పనికిరాదు. ఇది వేయొచ్చునా అక్కా?" యని యడిగినది. వేయవచ్చును. మిక్కిలి మంచి కాగితము పాత నూలుబట్టతోనే యగును, ఏలయన నూలుపోగులు కొయ్యగుజ్జు పోగులకంటె పొడవు, గట్టి. కాని బట్ట శుద్ధమైన నూలుది కావలయును. పాలిస్టరు కలిసినది నలుగదు. బొత్తాములు, కుట్లు తీసి, పావు అంగుళపు ముక్కలుగా కత్తిరించి, చాకలిసోడా వేసి ఒక గంట యుడికించి, బాగుగ కడిగి, రోట దంచవలయును. ముక్కలు పెద్దవైనచో దారములు మిక్సీ కత్తికి చుట్టుకొనును. ఒక వంతు బట్టగుజ్జునకు మూడు వంతులు కాగితపు గుజ్జు కలిపితిమి. ఎన్ని సారులుతికినను వదలని బొగ్గు మరక యా కాగితమునకొక లేత బూడిదవన్నె తెచ్చినది. అంగడిలో నట్టి వన్నె దొరకదు.

చట్రమునకు పాత పలక చట్రముగాని, నాలుగు బద్దల కూర్పుగాని చాలును. దానికి దోమతెర గుడ్డను బిగించి కట్టవలయును. వెడల్పయిన తొట్టిలో నీరు పోసి గుజ్జు కలిపి, చట్రమును ఏటవాలుగా ముంచి, సమముగా పైకెత్తి, ముందు వెనుకలకు మెల్లగా కదపవలయును. నీరు జారిన పిదప తడిసిన నూలుగుడ్డపై బోర్లించి, వెనుకనుండి స్పాంజితో నద్ది, చట్రమును తీసివేయవలయును. దానిపై నింకొక గుడ్డ, మరియొక పొర. ఇట్లు పది పొరలైన పిదప పీటవేసి పైన బరువుంచిన నీరు దిగును. ఒక్కొక్క పొరను గుడ్డతోనే యద్దమునకుగాని, నున్నని స్టీలు పళ్లెమునకుగాని అంటించి నీడను ఆరబెట్టవలయును. రామగుండపు వేసవిలో వరండానీడను రెండు గంటలలో నారినది. ఎండలో పెట్టిన మొదటి కాగితము అప్పడమువలె ముడుచుకొనిపోయినది. ఆ తప్పు మీరు చేయకుడు.

సిరా పాకకుండుటకు ఆరిన కాగితమునకు పలుచని గంజి నొక పూత పూసి, మరల నారిన పిదప నున్నని గిన్నె వెనుక భాగముతో రుద్దుడు. గంజి యున్నచో పురుగు చేరును. పూర్వులు మైలుతుత్తము వాడెడివారు గాని అది విషము. పిల్లలున్న యింట వలదు. కార్డులుంచు పెట్టెలో నెండు వేపాకు వేసి, నెలకొకసారి విప్పి గాలికారనిచ్చిన చాలును. మిగిలిన గుజ్జును తూములో పోయరాదు, తూము మూసికొనిపోవును. పిండి ముద్దచేసి యెండబెట్టిన మరల వాడుకొనవచ్చును.

నల్లనేల

కాగితమైనది. ఇక కార్డు. అంగడి కార్డుల చరిత్ర చిత్రమైనది. 1843లో ఇంగ్లండున హెన్రీ కోల్ అను నతడు పండుగకు మిత్రులందరకు నుత్తరములు వ్రాయ తీరిక లేక, హార్స్‌లీ యను చిత్రకారునిచే బొమ్మ వేయించి కార్డులచ్చువేయించెను. క్రిస్మసునకమ్మిన మొదటి యచ్చుకార్డు లవియే యందురు. అనగా నచ్చుకార్డు తీరికలేమినుండి పుట్టినది. నేడు సెల్‌ఫోనులో నొకే బొమ్మ నూరుగురకు పోవుచున్నది. తెల్లవారునప్పటికి నూరు బొమ్మలు మనకును వచ్చుచున్నవి. ఒక్కటియు గోడపై నిలువదు. చేతికార్డు మన తీరికలో నొక భాగమును కోసి యిచ్చుట. అందుకే దానిని పారవేయుటకు చేయి రాదు.

బొమ్మ వేయరానివారేమి చేయవలయునన్న ప్రశ్న వచ్చును. దీనికి మేరీ డెలానీ కథ చెప్పెదము. ఆమె 1700లో పుట్టిన ఆంగ్లవనిత. 1768లో రెండవ భర్త గతించెను. 72వ యేట నామె రంగుకాగితములను కత్తెరతో పూరేకులుగా కత్తిరించి యంటించి పూలబొమ్మలు చేయ మొదలిడెను. చూపు మందగించునంతవరకు పదియేండ్లలో 985 బొమ్మలు చేసెను. అవి నేటికిని లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. వాని సొగసునకు ముఖ్యకారణమొక్కటి: ఆమె పూలను తెల్లకాగితముపై నంటింపలేదు, కాటుకవంటి నల్లకాగితముపై నంటించెను. నలుపుపై పసుపు, గులాబి, తెలుపు దీపములవలె వెలుగును.

ఈ సంగతి మనకు క్రొత్త గాదు. గోదావరికావలి యొడ్డున నెగువనున్న నిర్మలలోని చిత్రకారులు నల్లని నేలపై బంగారువన్నె బొమ్మలు వేయుదురు. వారి పటములు మన దేశమున నెందరి యిండ్లనో యలంకరించుచున్నవి. బొగ్గు సీమ గృహిణి నలుపును తుడిచి తుడిచి విసుగుచెందినది. ఆ నలుపునే నేలగా చేసికొనిన నెట్లుండును?

చూచితిమి. బొగ్గుపొడిని నేరుగా పూసితిమి గాని అది గరగరలాడి చేతికంటుకొనినది; పనికిరాలేదు. అటుపిమ్మట నాముదపు దీపముపై మట్టిమూకుడు బోర్లించి పట్టిన మసిని తుమ్మబంక నీటిలో నూరి రెండు పూతలు పూసితిమి. మన పూర్వులు తాటాకులపై గీతలకును, కాగితముపై వ్రాతకును వాడిన నలుపిట్టిదే. అది నిలిచినది. తీరికలేనివారు అంగడిలో నల్లచార్టు కొనుడు, దోషము లేదు.

ఇక పూలు. బతుకమ్మ పూలకంటె మనకు తెలిసిన పూలేవి? తంగేడునకు పసుపు, గునుగునకు తెలుపును లేత గులాబియు, బంతికి నారింజ, కట్లపూవునకు నీలి. పసుపుతో నద్దిన రంగు మొదట మిక్కిలి యందముగా నుండును గాని యెండ తగిలిన కొలది వెలిసిపోవును. కావున నది లోపలి గోడకే. మోదుగపూలు మరిగించిన నీరు లేత నారింజవన్నె నిచ్చును. ఉల్లిపొట్టు తేనెవన్నె నిచ్చును. కాగితము నద్ది, ఆరనిచ్చి, గోరంత రేకులుగా కత్తిరించి, మైదాజిగురుతో నంటించుటయే పని. బొమ్మ వేయనక్కరలేదు, గీత గీయనక్కరలేదు. పువ్వును చేతబట్టి చూచుచు రేకు వెనుక రేకు పేర్చినచో నదియే బొమ్మయగును. బతుకమ్మ పేర్చు చేతులకిది నేర్పవలయునా?

ఇంటిలో నెక్కడ నుంచవలయును

కార్డులను పెట్టెలో దాచుట యలంకారము గాదు. గోడనిండ నంటించుటయు నలంకారము గాదు. మేము చేసిన యేర్పాటిది. తలుపుపై నున్న చెక్కకొసనుండి కిటికీ చట్రమునకు నొక జనుపత్రాడు గట్టి, చిన్న కొయ్యక్లిప్పులతో నయిదు కార్డులు మాత్రము తగిలించితిమి. మేకు లేదు, గోడకు మచ్చ లేదు. నిలుచున్నవారి చూపున కెదురుగా నుండునట్లు త్రాడు కట్టవలయును. మరియు నెత్తుగా కట్టిన మెడ నొప్పియే ఫలము. నెలకొకసారి, లేదా పండుగకు, కార్డులు మార్చవలయును. సంక్రాంతికి ముగ్గులవి, ఉగాదికి వేపపూతవి, దసరాకు బతుకమ్మవి. తక్కిన కార్డులు పెట్టెలో విశ్రాంతి తీసికొనును. గోడ యొక్కటే, ఇల్లు మాత్రము ఋతువు ఋతువునకు క్రొత్తదగును.

ధూళి పట్టిన కార్డును తడిగుడ్డతో తుడువరాదు. మెత్తని పొడి కుంచెతో మెల్లగా దులుపవలయును. వర్షకాలమున చెమ్మ యూరు గోడకు తాకనీయరాదు. పొయ్యి యున్న గదిలోను, దీపారాధన చేయుచోటను, వేడెక్కు బల్బు ప్రక్కను కాగితముంచరాదు. ఇది ముమ్మాటికి జ్ఞాపకముంచుకొనుడు.

కార్డులలో నొకదానిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. గనులలో పని పాళీల ప్రకారము నడచును. రాత్రిపాళికి పోయినవారు పగలు నిద్రింపవలయును. ఆ నిద్ర చాలకున్న మరునాడు గనిలో ప్రాణమునకే హాని. కాని ఆదివారపు పిల్లల యల్లరి, పొరుగువారి పిలుపులు, తలుపు తట్టు వ్యాపారులు. చెల్లెలి చిన్నకూతురు, చిరిగిన చొక్కా కలిసిన యా బూడిదవన్నె కాగితముపై నల్లసిరాతో వ్రాసి వీధితలుపునకు త్రాడుతో కట్టినది: "బాపు పండుకున్నడు. సప్పుడు చేయొద్దు." క్రింద నొక చందమామ. ఆ దినమున తలుపు తట్టవచ్చినవారు ముగ్గురు చదివి, నవ్వుకొని, మెల్లగా మరలిపోవుట మేము కిటికీనుండి చూచితిమి. సాయంకాలము లేచిన తండ్రి యా కార్డును చాలసేపు చేతిలో నుంచుకొని చూచెను. అది తన చొక్కాయని భార్య చెప్పగా నేమియు ననలేదు. మరునాటి రాత్రి పనికి పోవుచు తానే దానిని మరల తలుపునకు కట్టి పోయెను.

గృహాలంకారమనిన కంటికింపు మాత్రమే గాదు. ఇంటిలోనివారి నిద్ర, అలసట, సంతోషము నెరిగి వస్తువునుంచుట. ఆ చిన్న కార్డు ఈ పరీక్షలో నెగ్గినది.

అమ్మకపు మాట

"దీనిని చేసి యమ్ముకొనవచ్చునా?" యను ప్రశ్న మీకు కలుగక మానదు. ఉన్నదున్నట్లు చెప్పెదము. మూడు గంటలలో నారు పూలకార్డులు చేసితిరనుకొందము. ఒక్కొక్కటి 20 రూపాయలకమ్మిన 120 రూపాయలు. జిగురు, రంగు, కవర్లకు 30 పోగా 90 మిగులును. అనగా గంటకు 30 రూపాయలు. ఇందులో కాగితము చేసిన కాలము చేరలేదు. కూలికి చాలని ధర యిది. సులభముగా ధనము వచ్చునని యాశపెట్టువారి మాట నమ్మకుడు. ముందుగా సామాను కొనుమని సొమ్మడుగువారి నసలే నమ్మకుడు.

అయినను మార్గము లేకపోలేదు. ఒక్కొక్క కార్డమ్ముటకంటె సీమంతమునకో, గృహప్రవేశమునకో యేబది యాహ్వానములు ఒకేమారు చేయుటకొప్పుకొనిన లాభము మేలు. ఒకే అచ్చు, ఒకే రంగు, పని త్వరగా సాగును. నలుగురు స్త్రీలు కలిసి ఒకరు కాగితము, ఒకరు రంగు, ఒకరు కత్తెర, ఒకరు వ్రాత పంచుకొనిన మరియు మేలు. సింగరేణి సేవాసమితివారు కార్మిక కుటుంబముల స్త్రీలకు కుట్టుపని మొదలగు వృత్తులలో శిక్షణ నిచ్చుచున్నారు. అట్టిచోట కుట్టు నేర్చువారి కత్తిరింపులలో మిగులు నూలుముక్కలే మంచి కాగితపు ముడిసరుకు. కాని మొదటి కార్డు మాత్ర మమ్మకమునకు గాదు, మీ యింటికని చేయుడు. తన గోడ బోసిగా నుంచుకొని పరుల గోడలకలంకారము చేయు స్త్రీలను మనము చాలమందిని చూచియున్నాము.

మేము బయలుదేరునాటి యుదయమున త్రాడుపై నయిదు కార్డులుండెను. చెల్లెలు వానిని చూచి, "ఇవి మాత్రం కంపెనీవి కావు" అనినది. ఆమె మొదట నడిగిన ప్రశ్నకుత్తరమామెయే చెప్పినది. గోడలు కంపెనీవి, తలుపులు కంపెనీవి, కాని యింటిని ఇల్లుగా చేయునది గోడలు గావు గదా.

మొన్న పండుగకు ఆమెనుండి టపాలో నొక కార్డు వచ్చినది. నల్లనేలపై తంగేడుగుత్తి, ఒక రేకు కొంచెము వంకర. వెనుక నిట్లు వ్రాసినది: "అక్కా, ఇప్పటికి ముప్పైరెండైనయి. మీ మరిది రిటైరుకు ఇంక నాలుగేండ్లున్నది. పెట్టె చిన్నదైతదేమో."

పెట్టె చిన్నదైనచో పెద్దది కొనుక్కొనుమని వ్రాసితిమి. మీరును నేడే యొక గుప్పెడు కాగితము నానవేయుడు.